కాగితం కింద చెయ్యి

దీపావళి పోయిన వారానికి, ఒక పొద్దున టీ గ్లాసు పట్టుకున్నాను. అది వేడిగా ఉందో చల్లగా ఉందో చేతికి తెలియలేదు. తాగి కింద పెట్టాక నా భార్య యాదలక్ష్మి నా వేళ్ల వైపు చూసి, బొబ్బలు లేచాయని చెప్పింది. నేనూ చూశాను. ఎవరి వేళ్లనో చూస్తున్నట్టు అనిపించింది.

ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానకు పోతే వాళ్లు హైదరాబాద్ పంపారు. అక్కడ స్కానింగ్ తీశారు. మెదడులో ఒక చిన్న నరం దగ్గర రక్తం ఆగిందట. కాలు బాగానే ఉంది, మాట బాగానే ఉంది, చెయ్యి కూడా కదులుతుంది. కుడిచేతికి మోచేతి నుంచి కిందికి స్పర్శ మాత్రం లేదు. మళ్లీ వస్తుందా అని అడిగితే డాక్టరు రావొచ్చు అన్నాడు. ఎప్పుడంటే మాత్రం చెప్పలేదు.

నేను పెయింటర్ని. పేరు ఎల్లేశ్. ఇళ్లకు రంగులేసే పెయింటర్ని కాదు, అక్షరాలు రాసేవాణ్ని. ఒకప్పుడు ఇబ్రహీంపట్నం చౌరస్తాలో ఏ దుకాణం బోర్డు చూసినా మూలకు నా సంతకం ఉండేది. ఫ్లెక్సీలు వచ్చి బోర్డులను మింగాయి. నాకు గోడలు మిగిలాయి. సిమెంటు ప్రకటనలు, బడి గోడల మీద సూక్తులు, ఎన్నికలొస్తే పేర్లూ గుర్తులూ. సర్పంచుల గడువు తీరి ఏళ్లు గడిచినా జరగని పంచాయతీ ఎన్నికలు ఆ చలికాలంలో జరుగుతాయని అందరూ అంటున్నారు. నేనూ వాటి కోసమే కాచుకొని ఉన్నాను. అంతలోకే చెయ్యి ఇట్లా అయింది.

నా పనిలో యాదలక్ష్మిది సగం. గోడ ఆమెది, అక్షరం నాది. సున్నం నానబెట్టడం, జిగురు కలపడం, గోడకు కొట్టడం ఆమె చేసేది. నీలిమందులో ముంచిన దారాన్ని అటు కొస ఆమె, ఇటు కొస నేను పట్టుకొని గోడ మీద గీత కొట్టేవాళ్లం. ఎన్నికలు అయిపోయాక పాత రాతలు చెరిపే పని కూడా ఆమెదే. ఎర్ర అక్షరం మొండిది. దాని మీద సున్నం ఒక్కసారి కొడితే ఆరాక మళ్లీ పైకి తేలుతుంది. అందుకని ఆమె ముందు చిన్న కుంచె తీసుకొని అక్షరం మీదనే, దాని వంపులు పట్టుకొని ఒక పూత పూసేది. అది ఆరాకే గోడంతా కొట్టేది. ఆ సేపంతా నేను చెట్టు కింద కూర్చొని బీడీ తాగేవాణ్ని. ఆమె బడికి పోలేదు. మహిళా సంఘంలో ఇప్పటికీ వేలిముద్రే.

నా చేతి సంగతి బయట ఎవరికీ చెప్పొద్దని ఇంట్లో చెప్పాను. గోడ రాసేవాడి చెయ్యి పోయిందంటే ఇక గోడ ఎవరిస్తారు?

మా బిడ్డ మనోజ ఆదిభట్లలో పనిచేస్తుంది. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే పొద్దుగూకినాక దిగుతుంది. దవాఖానలో చేతికి కసరత్తు చేయించే మేడమ్‌తో అది మాట్లాడింది. లావువి, సన్నవి, మెత్తవి, గట్టివి రకరకాల వస్తువులు పట్టించమని ఆమె చెప్పిందట. ఒక సాయంత్రం మనోజ బడంగ్‌పేట్ దాకా పోయి ఒక సంచి తెచ్చింది. అందులో బొమ్మలు గీసుకునే నల్ల అట్టల పుస్తకం ఉంది. పేజీలన్నీ తెల్లవి, ఒక్క గీత కూడా లేదు. దాంతో పాటు పెన్సిళ్లు, బొగ్గు కడ్డీలు, మైనం రంగులు, స్కెచ్ పెన్నులు, ఒక లావు మార్కరు, నీటి రంగుల డబ్బా, రెండు కుంచెలు.

ఒక్కొక్కటి పట్టుకొని గీసి చూడు, దేనికి చెయ్యి వింటదో చూద్దాం అంది మనోజ. కొత్త పుస్తకం కొన్నవాళ్లు అట్లాగే చేస్తారట, మొదటి పేజీలో అన్ని రంగులూ గీసి కాగితం దేనికి ఆగుతుందో చూస్తారట.

నేను సరేనని, మర్నాడు పొద్దున అది బస్సెక్కాక పుస్తకం తెరిచాను. తెరిచి యాదలక్ష్మిని సున్నం తెమ్మన్నాను. పచ్చి గోడ మీద నేను జన్మలో రంగు పెట్టలేదు. తెల్లగా ఉన్నంత మాత్రాన సరిపోదు, పూత పడాలి, లేకపోతే రంగును తాగేస్తుంది. ఆమె కూడా అదేం పని అనలేదు. జిగురు కలిపిన సున్నం గిన్నెలో తెచ్చి, పేజీకి చక్కగా రెండు పూతలు వేసి ఎండకు పెట్టింది. ఇద్దరం ఎదురుగా కూర్చున్నాం. కాగితం అప్పడంలా వంకర తిరిగింది. పెన్సిల్ పెట్టగానే సున్నం పెచ్చులు పెచ్చులుగా నా ఒళ్లో రాలింది.

సాయంత్రం మనోజ చూసి తల పట్టుకుంది. తర్వాత నవ్వింది. యాదలక్ష్మి కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఇల్లు నవ్వక చాలా రోజులైంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నవ్వాల్సిన చోటు ఇదేనని తెలుస్తూనే ఉంది. ఆ రోజుల్లో నాకు చెయ్యి ఒక్కటే కాదు, అన్నీ అట్లాగే అయ్యాయి. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా తినేసేవాణ్ని.

రెండో పేజీ సున్నం లేకుండానే మొదలుపెట్టాం. పెన్సిల్ పెట్టగానే ములుకు విరిగింది. ఎంత ఒత్తుతున్నానో నాకు తెలియదు కదా. బొగ్గు కడ్డీ పిండి అయింది. స్కెచ్ పెన్ను మొన లోపలికి పోయి కూర్చుంది. మార్కరు గీత వెనక మూడు పేజీల దాకా దిగింది. నీటి రంగు కుంచె సంగతి చూద్దామంటే వెంట్రుకలన్నీ చీపురులా విచ్చుకున్నాయి. మైనం రంగు ఒక్కటి ఆగింది, అది కూడా రెండు ముక్కలయ్యాక. నా పేజీ చూస్తే చంటిపిల్లలు కొట్టుకున్నట్టు ఉంది.

మనోజ ఆ పేజీని తిప్పి, వెనకవైపు వేళ్లతో తడిమింది. గీతలు గీసిన చోటల్లా కాగితం వెనక్కి ఉబ్బింది.

"బాపు, నీ ఎడమ చెయ్యి ఇటు తే" అంది.

నా ఎడమ అరచేతిని పేజీ కింద పెట్టించింది. కుడిచేతికి పెన్సిల్ ఇచ్చి గీయమంది. గీశాను. కాగితం కింద నుంచి గీత నా ఎడమ అరచేతిలో నడిచింది. చీమ పాకినట్టు తెలిసింది. ఒత్తితే గుచ్చుకుంది, వదిలితే పోయింది. కుడిచెయ్యి ఏం చేస్తుందో ఎడమచెయ్యి చెబుతోంది.

ఆ నెల అంతా అదే పని. పొద్దున అరుగు మీద ఎండలో కూర్చొని, ఎడమ చేయి కింద, పేజీ పైన. ముందు నిలువు గీతలు, తర్వాత సున్నాలు, తర్వాత అక్షరాలు. పెన్సిల్ విరగడం ఆగింది. బొగ్గు కూడా మాట వినడం మొదలుపెట్టింది. ఒక రోజు 'ఓటు' అని రాస్తే అది పాత ఎల్లేశ్ రాసిన 'ఓటు' లాగే వచ్చింది. మనోజ ఫోన్లో ఫోటో తీసుకుంది. యాదలక్ష్మి వంగి చాలాసేపు చూసి, తోక జర పొట్టిగయిందని చెప్పి లోపలికి పోయింది. చదువు రాని దానికి తోక సంగతి ఎందుకని అనుకున్నాను. చూస్తే తోక నిజంగానే పొట్టిగా ఉంది.

నవంబరు ఆఖర్లో మహిధర్ బండి మీద వచ్చాడు. మాకు ఆటోలో పావుగంట దూరం ఊరు వాళ్లది, భూములున్న ఇల్లు. సర్పంచ్ సీటు ఈసారి ఆడవాళ్లకు వచ్చిందని, వాళ్లమ్మ సుగుణమ్మను నిలబెడుతున్నామని చెప్పాడు. గుర్తు రాగానే గోడలు రాయాలి, ప్రచారానికి రోజులు చాలా తక్కువ. ఫ్లెక్సీలు కట్టినవి కట్టినట్టే చింపేస్తున్నారట. ఆరేళ్ల కింద సుగుణమ్మ ఎంపీటీసీకి నిలబడ్డప్పుడు నేనే రాశాను. అదే రాత కావాలని వాళ్లమ్మ పట్టుబట్టిందట. ముందు ఊరి నడుమ బొడ్రాయి దగ్గరి పెద్ద గోడ, అది నచ్చితే ఊరంతా.

నేను కుడిచేతిని లుంగీ మడతలో పెట్టుకొని విన్నాను. రాస్తానని చెప్పాను. టీ తాగి వెళ్లిపోయాడు.

యాదలక్ష్మి గ్లాసులు తీస్తూ అడిగింది. "గోడ మీద రాస్తవా?"

"పుస్తకంల వస్తున్నది గద."

"పుస్తకం పుస్తకమే."

"వస్తదని చెప్తున్న గదనే."

ఆమె పెరట్లోకి పోయి సున్నం నానబెట్టింది. రాత్రి మనోజ కూడా అదే మాట అంది, ముందే చెప్పేస్తే పోతుంది కదా అని. చెబితే ఏమవుతుందో దానికి తెలియదు. ఆ గోడ రాస్తే నేను ఇంకా పెయింటర్ని. రాయలేకపోతే ఇంట్లో కూర్చొని బిడ్డ జీతం తినే ముసలోణ్ని. మధ్యలో ఇంకేమీ లేదు. ఇంత సంగతి తలకెక్కినా నాకు భయం వేయలేదు. భయం వేయకపోవడమే ఎట్లాగో అనిపించింది.

సుగుణమ్మకు కత్తెర గుర్తు ఇచ్చారు. ఆ రోజే యాదలక్ష్మి ఒక్కతే పోయి గోడకు సున్నం కొట్టి వచ్చింది. మర్నాడు పొద్దున ఇద్దరం ఆటోలో వెళ్లాం. సంచిలో రంగులు, కుంచెలు, దారం. ఎందుకో ఆ నల్ల అట్టల పుస్తకం కూడా పెట్టుకున్నాను. గోడ తెల్లగా, ఒక్క మరక లేకుండా ఉంది. చెయ్యి బాగున్నప్పుడు అట్లాంటి గోడ చూస్తే నాకు ఆకలేసినట్టు ఉండేది.

దారం పట్టుకొని గీతలు కొట్టాం. సుద్దముక్కతో అక్షరాల జాగా చూసుకున్నాను. కుంచె ఎర్ర రంగులో ముంచి 'సు' మొదలుపెట్టాను.

కుంచె గోడకు తగిలిందో లేదో తెలియలేదు. కళ్లతో చూసి తగిలిందనుకొని తిప్పాను. వెంట్రుకలు నలిగి పక్కలకు పరుచుకున్నాయి, రంగు కింది దాకా కారింది. ఎడమ అరచేతిని గోడకు ఆనించాను. ఏమీ తెలియలేదు. చల్లగా ఉంది, అంతే. జర పక్కకు పెట్టాను, ఇంకా పక్కకు పెట్టాను. పుస్తకమైతే పేజీ వెనక్కి చెయ్యి పోతుంది. గోడకు వెనక ఎక్కడుంది? దాని వెనక ఎవరిదో ఇల్లు, ఇంట్లో ఎవరో టీవీ చూస్తున్నారు.

ఇంకోసారి ముంచి దిద్దబోయాను. 'సు' కాస్తా కోడిని కోసిన జాగాలా తయారైంది.

యాదలక్ష్మి వచ్చి, తడి గుడ్డతో రంగు తుడిచింది. చిన్న కుంచెతో ఆ మరక మీద సున్నం పూసింది. ఆరే దాకా ఇద్దరం గోడ వైపు చూస్తూ కూర్చున్నాం. వెళ్లిపోదామంటుంది అనుకున్నాను. ఆరాక ఆమె లేచి, కొంగు నడుముకు చెక్కుకొని, నా చేతిలోంచి ఎర్ర కుంచె తీసుకుంది. తీసుకున్నట్టు నా చేతికి తెలియలేదు, చూసి తెలుసుకున్నాను.

ఆమె 'సు' రాసింది. నేను మొదలుపెట్టే చోట మొదలుపెట్టలేదు, నేను ఆపే చోట మొదలుపెట్టి వెనక్కి వచ్చింది. తర్వాత 'గు'. తర్వాత 'ణ'. ఆగలేదు, సుద్ద గుర్తులు కూడా చూడలేదు. గట్ల ఉల్టా రాయొద్దని అన్నాను.

"నాకు గిట్లనే ఎరుక" అంది.

ఎట్లా ఎరుక అని అడిగాను. ఆమె వెనక్కి తిరగలేదు.

"నీ అచ్చరాల మీద ఎన్నేండ్ల సంది సున్నం ఏస్తున్ననో నీకెరుకనా? ఆరేండ్ల కింద గీ సుగుణమ్మను గీ గోడ మీదనే మాపిన."

అక్షరాలు నా అక్షరాలే. నా 'గు'కు ఉండే మెలిక, నా 'మ్మ'కు ఉండే బొజ్జ, అన్నీ ఉన్నాయి. కాకపోతే ఒక వేలు లావుగా వచ్చాయి. చెరిపేటప్పుడు అంచు దాటించి పూయాలి కదా, ఆమె చెయ్యికి అదే అలవాటు.

నాలో ఏదో కదిలింది. ఏమిటా అని చూసుకుంటే అది ఈర్ష్య. నేను ముప్పై ఏళ్లు నేర్చింది ఆమె నా వెనక తుడుస్తూ తుడుస్తూ నేర్చుకుంది. ఒళ్లు మండింది. మండింది అని తెలియగానే, దీపావళి తర్వాత నాకు సరిగ్గా తెలిసిన మొదటి సంగతి ఇదేనని కూడా తెలిసింది.

అంతలో మహిధర్ వచ్చాడు. వెనక సుగుణమ్మ ఉంది, కొత్త చీర కట్టుకొని, ఇంటింటికీ తిరిగే దారిలో. ఆమె తన పేరు ముందు నిలబడి పైకి చూసింది. మహిధర్ మాత్రం నన్నూ, యాదలక్ష్మి చేతిలోని కుంచెనూ చూశాడు.

"ఏంది ఎల్లేశన్నా, నువ్వు రాస్తలేవా?"

చెప్పడానికి ఒక అబద్ధం నోట్లో తయారుగానే ఉంది. భుజం నొప్పి అనొచ్చు.

"నాకు చెయ్యి తెలుస్తలేదు పటేలా" అన్నాను. "ఆమె రాస్తది."

అతను ఏదో అనబోయాడు. సుగుణమ్మ అతని చెయ్యి మీద చెయ్యి వేసి, అక్షరాలు దూరం నుంచి కూడా కనబడుతున్నాయి, పోయినసారి కంటే లావుగా ఉన్నాయి అంది. మిగిలిన గోడలు కూడా కానియ్యమని చెప్పి ముందుకు నడిచింది. మహిధర్ ఆమె వెనక పోయాడు.

'ఓటు' తోక ఈసారి పొట్టిగా రాలేదు. కత్తెర బొమ్మ వేయడానికి మాత్రం యాదలక్ష్మికి చాలాసేపు పట్టింది. నేను పక్కన నిలబడి నోటితో చెబుతూ వచ్చాను. మధ్యలో సున్నం బక్కెట్టు ఎత్తి, రంగు చిందిన చోటల్లా నేనే తెల్లకుంచె కొట్టాను. సున్నానికి ఎంత ఒత్తామన్నది లెక్క లేదు. ఎట్లా కొట్టినా గోడ తీసుకుంటుంది.

అంతా అయ్యాక ఆమె కుడివైపు అడుగు మూలకు కూర్చొని, సన్న కుంచెతో చిన్న అక్షరాలు రాసింది. 'ఎల్లేశ్ ఆర్ట్స్.' నేను చెప్పలేదు.

"గదేందో ఎరుకనా నీకు?"

"నీ సంతకం. మాపేటప్పుడు ఆఖరికి మాపేది."

మేం తెచ్చుకున్న సద్ది తిన్నాం. నేను ఎడమచేత్తో తిన్నాను. తిని, సున్నం కుంచె తీసుకొని పోయి ఆ మూల ముందు కూర్చున్నాను. ముందు అక్షరాల మీదనే పూత వేశాను, ఆమె వేసినట్టు, వంపులు పట్టుకొని. నా పేరు పోయింది. 'ఆర్ట్స్' ఉంచాను.

ఆమె కోపంగా చూసింది. మంచిగ రాసినదాన్ని ఎందుకు పాడుచేసినవని అడిగింది.

"నీ పేరు రాయి" అన్నాను.

ఆమె కుంచె పట్టుకొని వచ్చి కూర్చుంది. గోడ వైపు చూసింది, నా వైపు చూసింది. కుంచె కొస నుంచి ఎర్ర చుక్క ఒకటి మట్టిలో పడింది.

"నా పేరు ఎట్లుంటది?" అంది.

నేను ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఎవరి పేర్లు రాయలేదు కనుక. గెలిచినవాళ్లవీ, ఓడినవాళ్లవీ, చచ్చిపోయినవాళ్లవీ రాశాను. అవన్నీ ఆమె ఒక్కొక్కటే చెరిపింది. ఆమె పేరు ఎక్కడా రాయలేదు. పిలవను కూడా పిలవలేదు, ఇన్నేళ్లూ 'ఇగో', 'ఏమే' అంటూనే గడిచిపోయింది. రాయని పేరును చెరపడం ఎట్లా, చెరపని పేరు ఆమెకు తెలియడం ఎట్లా? నాకు ఏడుపొచ్చింది. ఈసారి అది తెలిసింది.

సంచిలోంచి పుస్తకం తీశాను. చివర్లో ఒక తెల్ల పేజీ మిగిలి ఉంది. పెన్సిల్ వెతికి కుడి వేళ్ల మధ్య ఎడమచేత్తో ఇరికించుకున్నాను. పేజీ కిందికి ఎడమచెయ్యి పెట్టబోతుంటే, ఆమె కుంచె పక్కన పెట్టి, అరచేయి కొంగుకు తుడుచుకొని, తన చేతిని కాగితం కింద పెట్టింది.

'యా' రాశాను. పెన్సిల్ విరగలేదు. ఆమె కళ్లు మూసుకొని ఉంది.

"ఎక్కువ ఒత్తుతున్ననా?" అని అడిగాను.

"లేదు" అంది. "తెలుస్తున్నది. రాయి."